గమేళాలో ఊక

రాజమండ్రిలో నేను అద్దెకున్న మేడమీది వాటాలో పిడికెడు మట్టి కూడా ఉండేది కాదు. కింద పెరడంతా గచ్చు, పైన డాబా. అందుకని నా పిల్లి కోసం తాపీపనివాళ్ళు వాడే ఇనప గమేళా ఒకటి కొని, అందులో గోదావరి ఇసక పోసి స్నానాలగది పక్కన పెట్టాను. దానికి ఎవరూ ఏమీ నేర్పలేదు. మొదటి రోజే గమేళాలోకి దిగి, ముందుకాళ్ళతో గొయ్యి తవ్వి, పని ముగించుకుని, కప్పెట్టి, ఒకసారి వాసన చూసుకుని వచ్చింది. నాలుగేళ్ళలో ఒక్కరోజు కూడా గమేళా బయట చుక్క పడలేదు.

అప్పటికి నాకు యాభై దగ్గరపడుతోంది. పెళ్ళి మాట ఎత్తేవాళ్ళు కూడా మానేశారు. పత్రికలో పని, మెస్సులో భోజనం. ఇంట్లో నేను ఆడే నాలుగు మాటలూ ఆ పిల్లితోనే. పొద్దున పేపరు రాగానే, నేను రాసిన వార్త మొదటి వాక్యం దానికి చదివి వినిపించేవాణ్ణి. అది ఒక చెవి ఇటు తిప్పేది. నాకు అది చాలు.

ఆ ఏడు శ్రావణంలో వరద వచ్చింది. రోజూ ధవళేశ్వరం బ్యారేజీకి వెళ్ళి నీటిమట్టం రాసుకొచ్చేవాణ్ణి. రేవులు మునిగాయి, ఇసక బళ్ళు ఆగిపోయాయి. నాకు ఇసక తెచ్చిపెట్టే రిక్షా ఆయన, "నీళ్ళలోంచి ఎక్కడ తవ్వమంటారండీ?" అన్నాడు. అదే వారంలో తడిసిన ధాన్యం వార్త కోసం సామర్లకోట వైపు ఒక రైసుమిల్లుకు వెళ్ళాను. వెనక ఊక గుట్టలుగా పోసి ఉంది. ఒక గోతాం నింపుకుని వచ్చాను. తేలిక, శుభ్రం, ఖర్చు లేదు. ఇంత సులువైన సంగతి ఇన్నాళ్ళూ ఎందుకు తట్టలేదా అనుకున్నాను.

మూడో రోజున మంచం కింద పాత పేపర్ల కట్ట తడిసి ఉంది. ఆ మర్నాడు పరుపు. పిల్లి మూత్రం వాసన గది పట్టుకుంటే వదలదు. ఫినాయిల్‌తో కడిగాను, నిమ్మడిప్పలతో తోమాను, మూలమూలలా కలరా ఉండలు వేశాను. అది మరో మూల వెతుక్కుంది. నాలుగేళ్ళు బుద్ధిగా ఉన్నది ఇప్పుడు నా మీద కక్ష కట్టిందనిపించింది. ఒక ఉదయం, నా కళ్ళ ముందే, ఉతికి మడతపెట్టిన చొక్కాల మీద కూర్చుంది. చేతిలో ఉన్న పేపరు చుట్టి గట్టిగా ఒకటి వేశాను. అది అరవలేదు. బీరువా కిందికి పోయి సాయంత్రం దాకా రాలేదు. ఆ తర్వాత నేను పేపరు విప్పితే చాలు, గదిలోంచి వెళ్ళిపోయేది.

కింద ఉండే ఇంటావిడ పూజా మడీ ఉన్న మనిషి. ఆవిడ మడిచీర తీగ మీంచి జారి డాబా మీద పడితే, పిల్లి దాన్నీ తడిపింది. ఆవిడ చీరను కర్రతో ఎత్తిపట్టుకుని మెట్లెక్కి వచ్చింది.

"ఏంటండీ ఇది? దేవుడి దగ్గర కట్టుకునే చీరండి!"

"ఉతికించి ఇస్తానండి. దానికేమైందో తెలీటం లేదు."

"ఊళ్ళో వార్తలన్నీ రాస్తారు, మీ ఇంట్లో ఏం జరుగుతోందో మీకు తెలీదేంటండీ? ఆదివారం లోపు పిల్లయినా వెళ్ళాలి, మీరైనా వెళ్ళాలి. ఏదో ఒకటి మీరే తేల్చుకోండి."

మా వీధికి రోజూ గంపతో చేపలమ్మే ఆవిడ వచ్చేది. పిల్లికి తలకాయలు ఆవిడ దగ్గరే కొనేవాణ్ణి. శనివారం ఆవిడతో సంగతి చెప్పాను.

"మాకిచ్చెయ్యండి బాబుగారూ. గట్టు మీద పెట్టిన వలల్ని ఎలకలు కొరికేత్తన్నాయి. ఇంతకీ ఎప్పట్నించండి ఇలా సేత్తంది?"

"వరద వచ్చిన దగ్గర్నుంచి."

"వరదొత్తే మనుషులకే మతులుండవు, పిల్లికేం ఉంటాదండీ!" అని నవ్వింది.

నేనూ నవ్వాను. ఏ ఫిర్యాదు వచ్చినా ముందు 'ఎప్పటి నుంచి' అని అడగండి, జవాబు సగం అందులోనే ఉంటుంది అని కొత్త విలేకరులకు చెప్పేవాణ్ణి. ఆవిడ అడిగింది, నేను జవాబూ చెప్పాను, అయినా ఆలోచించలేదు. కూరల సంచిలో పిల్లిని పెట్టి ఇచ్చాను. వీధి మలుపు తిరిగేదాకా సంచిలోంచి తల బయటే ఉంది.

ఇంట్లో వాసన పోయింది. పేపరు చదువుతూ మొదటి వాక్యం పైకి అనబోయి ఆగిపోయేవాణ్ణి. అదెప్పుడూ వచ్చే కిటికీకి గడియ పెట్టలేకపోయాను. జల్లు లోపలికి కొట్టి బల్ల తడిసేది.

పది రోజులకు వరద తీసింది. తీసిన వరద మీద వార్త రాయాలని రేవుకు వెళ్ళాను. మెట్ల మీద ఒండ్రు, కిందికి దిగితే కొత్తగా మేటవేసిన ఇసక. బోర్లించిన పడవల పక్కన నా పిల్లి కనిపించింది. నన్ను చూడలేదు. ఇసకలో ముందుకాళ్ళతో గొయ్యి తవ్వింది, కూర్చుంది, లేచి చుట్టూ తిరిగి నింపాదిగా కప్పెట్టింది, వాసన చూసుకుంది.

అక్కడే నిలబడిపోయాను. గమేళాలో ఊక మీద కాలు పెట్టి, గుచ్చుకున్నట్టు వెనక్కి తీసి విదిలించుకోవడం నేను రెండుసార్లు చూశాను. చూసి, బ్యారేజీకి బస్సు దొరకదని వెళ్ళిపోయాను.

వల బాగుచేసుకుంటున్న చేపలావిడ పలకరించింది.

"ఏంటి బాబుగారూ, పిల్లి కోసవా?"

"తీసుకెళ్తానమ్మా. తప్పు నాదే."

"ఇచ్చింది మళ్ళీ అడుగుతారేంటండీ! సరే, నేనేవన్నా కట్టేసుకున్నానా? వత్తే తీసుకుపోండి."

ఆఫీసు సంచిలోంచి కాగితాలు తీసి చంకలో పెట్టుకుని, సంచి నిండా ఇసక ఎత్తుకున్నాను. ఇంట్లో పిలిచినట్టే పిలిచాను. పిల్లి తల తిప్పి చూసింది. నన్ను చూసింది, నా చంకలోని కాగితాలనూ చూసింది. పడవ కిందికి వెళ్ళిపోయింది.

ఆ సంచి అలాగే మోసుకొచ్చి, ఊక పారబోసి, గమేళా నింపాను. ఆ తర్వాత చాలా సాయంత్రాలు, చేతిలో కాగితం ముక్క లేకుండా, రేవుకు వెళ్ళి కూర్చున్నాను. అది పడవ నీడన పడుకుని ఒక చెవి ఇటు తిప్పేది, లేచి వచ్చేది కాదు. దాన్ని రమ్మనడానికి నా దగ్గర ఉన్నదల్లా ఒక గమేళా ఇసక. దానికి అక్కడ రేవు పొడవునా ఇసకే.