గంగులు మానేసిన రెండు అక్షరాలు

భావనపాడులో పుట్టిన గంగులుకి పంతొమ్మిదేళ్లు వచ్చినా అడవి అంటే ఏమిటో తెలియదు. ఊరి పక్కన సరుగుడు తోట ఉంది గానీ, అందులో పులులకు బదులు మేకలు తిరుగుతాయి. ఇటు చూస్తే సముద్రం, అటు చూస్తే ఉప్పు మడులు. కొండలంటారా, వానలు వెలిసి ఆకాశం తేటపడిన రోజున పడమట ఒక నీలపు గీతలా కనిపిస్తాయి. అలాంటి ఊళ్లో, వల లాగే కుటుంబంలో పెరిగిన ఆ కుర్రాడు బతుకులో కోరుకున్నది ఒక్కటే. అడవి వీరుడు కావాలని!

తప్పు అతనిది కాదు, టెక్కలిలో డేరా వేసే టూరింగ్ టాకీసుది. పదేళ్ల వయసులో అక్కడ ఒక జానపద సినిమా చూశాడు. అందులో ఈకలు కట్టుకున్న గూడెం కుర్రాడొకడు ఈటె పట్టుకుని మాంత్రికుడి గుహలోకి ఒంటరిగా దూకుతాడు. అందులోని రాకుమారుడు గంగులు కంటికి ఆనలేదు.

"రాజు కొడుక్కేటి, గుర్రం ఉన్నాది, కత్తి ఉన్నాది, ఎనకాల దండు ఉన్నాది. ఈడికి ఈటె తప్ప ఏటీ నేదు. అయినా దూకినాడు సూడు!" అని వారం రోజులు కనపడిన వాళ్లందరికీ చెప్పాడు. తొమ్మిదేళ్లయినా ఆ జబ్బు తగ్గలేదు. సరుగుడు కర్ర చెక్కి ఈటె చేసుకున్నాడు. సముద్రం మీద వేట లేని రోజున ఇసుకలో గురిపెట్టి విసిరేవాడు. వల లాగి లాగి బండబారిన భుజాలేమో, ఈటె అరవై అడుగుల దూరాన కూడా గురి తప్పేది కాదు.

పంతొమ్మిది వందల అరవై ఎనిమిదిలో అదృష్టం నరసింగరావు మేష్టారి రూపంలో ఊళ్లోకి వచ్చింది. ఆయన విజయనగరంలో చదువుకుని, ప్రాథమిక పాఠశాలకు బదిలీ మీద వచ్చారు. నాటకాల పిచ్చి ఆయనకు ఎంత ఉందంటే, రాగానే బడి పెంకులు కారుతున్నాయో లేదో చూసుకోకముందే 'నాగలోయ వీరుడు' అనే నాటకం రాశారు. మాయలు, మంత్రాలు, మాట్లాడే సింహం, దానికి ఎదురు నిలిచే గూడెం యువకుడు, అన్నీ ఉన్నాయి. నరసన్నపేటలో నాటకాల పోటీలున్నాయని, ఆ పోటీల్లో భావనపాడు పేరు మోగాలని ఆయన పంతం. గూడెం దొర వేషం తానే వేసుకున్నారు. పులివేషాల్లో పేరున్న అప్పలసూరి సింహం. వీరుడి వేషానికి గంగులుని చూడగానే మేష్టారి కళ్లు మెరిశాయి. ఎత్తు, ఛాతీ, ఈటె, అన్నీ దేవుడిచ్చినట్టు అమరాయి.

నోరు తెరిచేదాకా.

"ఇది నీ మొదటి డైలాగు. సింహమా, చావుకు సిద్ధమా? సూర్యుడు సాక్షిగా చెబుతున్నాను, సాయంత్రంలోగా నిన్ను చంపి నీ చర్మం చుట్టుకుంటాను! ఊఁ, చెప్పు."

గంగులు ఛాతీ విరిచాడు. "సింహమా, సావుకు సిద్ధమా? సూర్యుడు సాక్షిగా సెబుతన్నాను, సాయంత్రంలోగా నిన్ను సంపి నీ సర్మం సుట్టుకుంటాను!"

మేష్టారు తల పట్టుకున్నారు. 'చ' అనే అక్షరం ఆ తీరానికి ఎందుకో పడలేదు. అక్కడ చేప సేప, చెట్టు సెట్టు, చావు సావు. తాతముత్తాతల నుంచీ అంతే, దానివల్ల ఎవరికీ ఏ నష్టమూ రాలేదు. మేష్టారు మాత్రం ఒప్పుకోలేదు. "అడవి వీరుడైనా నాటకంలో శుద్ధంగా మాట్లాడాల్సిందే. లేకపోతే జడ్జీలు నవ్వుతారు" అన్నారు. అడవి వీరుడికి శుద్ధమైన తెలుగు ఎవరు నేర్పారో ఆయన్ని అడిగే ధైర్యం ఎవరికుంది?

గంగులు పట్టు వదల్లేదు. పడవలో చ, ఒడ్డున చ, గంజి తాగుతూ చ. పదిరోజులకు చ వచ్చింది. వచ్చి ఊరుకోలేదు, ఇల్లంతా ఆక్రమించింది. ఎక్కడ స ఉన్నా అక్కడికి వచ్చి కూర్చుంది.

"చింహమా, చావుకు చిద్ధమా? చూర్యుడు చాక్షిగా..."

అప్పలసూరి సింహం తల తీసి పక్కన పెట్టి నేల మీద దొర్లి దొర్లి నవ్వాడు. మేష్టారికి మాత్రం నవ్వు రాలేదు. "ఒరే గంగులూ, నీ భుజాలు చూసి ఊరుకుంటున్నాను. పోటీలో ఒక్క అక్షరం దొర్లినా, వచ్చే ఏటి నుంచి నువ్వు తెర లాగడానికే. ఈ జన్మకి వేషం ఇవ్వను" అని తేల్చేశారు.

అది చాలదన్నట్టు సముద్రంలోనూ దెబ్బ తగిలింది. ఓ ఉదయం నావ ముక్కు మీద నిలబడి గంగులు డైలాగులు అరుచుకుంటున్నాడు. రోజూ ఉండే గోలే కాబట్టి మిగతా నలుగురూ వినడం మానేశారు. ఇంతలో వల పక్కన నీళ్లను కోసుకుంటూ ఒక సొరచేప వస్తూ కనిపించింది. సొరకి వల తగిలితే చింపి పోగులు పెడుతుంది. గంగులు "చొర! చొర!" అని కేకేశాడు.

"ఈడి నాటకం మండిపోనూ, కొత్త మాట నేర్సినాడు" అన్నాడు ఒకడు. ఎవరూ కదల్లేదు. సొర వచ్చింది, వల మధ్యలోంచి దారి చేసుకుని వెళ్లిపోయింది.

నావకు పెద్ద గంగులు తండ్రి రాముడే.  ఒడ్డుకొచ్చాక చిరిగిన వలని కొడుకు కాళ్ల ముందు పడేశాడు.

"నీ నాటకం నీ ఇష్టం. ముందు ఈ వల బాగుసెయ్యి. ఒక్క కన్ను ముడిపడకపోయినా నరసన్నపేట బస్సు ఎక్కనివ్వను."

పోటీలకు తొమ్మిది రోజులుంది. గంగులు ఇంటి చూరు కింద కూర్చుని వల అల్లడం మొదలుపెట్టాడు. ఏడుపొచ్చేలా ఉంది. వల అల్లినా వేషం దక్కుతుందన్న నమ్మకం లేదు. సహాయానికి మేనమామ కూతురు తవిటమ్మ వచ్చి ఎదురుగా కూర్చుంది. పెద్దలు వాళ్లిద్దరికీ ఏనాడో మాట అనుకున్నారు కాబట్టి ఆమె నోటికి అదుపు లేదు.

"ఏటి బావా, నీరసపడిపోనావు? చింహం కరిసినాదా?"

"నవ్వకే. స అంటే చ వస్తాది, చ అంటే స వస్తాది. రెండూ కలిసి నన్ను తినేస్తన్నాయి. ఎదవ బతుకు."

తవిటమ్మ నూలు కొరికి ముడి వేసింది. బడికి వెళ్లింది కాదు, అక్షరాలతో ఆమెకు పేచీ లేదు. "అయితే ఆ రెండిటినీ ఒగ్గేయ్. అవి నేకండా మాటాడు. కూరలో ముల్లుంటే ఏరి పారేస్తాం గానీ, కూర మానేస్తామేటి?"

గంగులు చేతిలో వల జారిపోయింది. 

ఆ తొమ్మిది రోజులూ ఆ చూరు కింద జరిగిన పని లోకంలో ఏ పండితుడూ చేసి ఉండడు. ఒక్కో డైలాగునూ తీసుకుని, అందులో స ఎక్కడ, చ ఎక్కడ అని చెవితో వెతికి, ముల్లు తీసినట్టు తీసేసి, ఆ ఖాళీలో ఇంకో మాట అమర్చారు. సింహం పోయి అడవిరాజు వచ్చాడు. చావు బదులు కాలం మూడటం వచ్చింది. సూర్యుడి దగ్గర ఒక పూటంతా ఆగిపోయారు. చివరికి తవిటమ్మ తల పైకెత్తి, "పైన ఎలిగేవోడు అను" అంది. ఇటు వలలో ఒక్కో కన్నూ కలుస్తుంటే, అటు ఒక్కో మాటా కలిసింది. బస్సు ఎక్కాల్సిన ముందు రోజు రాముడు వలని వెలుతురుకి పట్టి చూశాడు. వంక దొరకలేదు. "ఎల్లు" అన్నాడు. వల మడత పెడుతూ, "నేనూ వస్తాను" అన్నాడు. మేష్టారితో మాత్రం ఎవరూ ఏమీ చెప్పలేదు.

నరసన్నపేటలో బడి మైదానంలో పందిరి, స్టేజీ వేశారు. కళింగపట్నం రేవు నుంచి వచ్చిన గణపతిరావుగారనే పెద్దాయన జడ్జీ. తెల్లటి పంచె, బంగారు ఫ్రేము కళ్లజోడు. వీళ్ల వంతు మధ్యాహ్నం మూడు గంటలకు వచ్చింది. జనంలో రాముడు, తవిటమ్మ ఓ గుంజ పక్కన నిలబడ్డారు.

తెర లేచింది. సింహం గర్జించింది. గంగులు ఈటె ఎత్తి ముందుకు దూకాడు.

"అడవి రాజా! నీకు కాలం మూడింది! పైన వెలిగేవాడి మీద ఒట్టు! పొద్దు గుంకేలోగా నీ ప్రాణం గాలిలో, నీ తోలు నా ఒంటిమీద!"

తెర పక్కన పుస్తకం పట్టుకుని అందించే లక్ష్ముడు పేజీలు తిరగేశాడు. ఎంత వెతికినా ఆ ముక్కలు లేవు. ఈటె మాత్రం రివ్వున వెళ్లి అప్పలసూరి చంక పక్క నుంచి వెనకున్న అట్టచెట్టులో దిగబడింది. అప్పలసూరి నిజంగానే భయపడి పడిపోయాడు. జనం ఈలలు వేశారు.

ఇప్పుడు గూడెం దొర రావాలి. వచ్చాడు. కిరీటంలో ఈకలు వణుకుతున్నాయి, కోపంతో. రాత్రుళ్లు మేలుకుని రాసుకున్న మాటల్ని ఓ కుర్రాడు నలుగురిలో మార్చేస్తే ఎవరికి ఒళ్లు మండదు? దారిలోకి లాగాలని మేష్టారు గట్టిగా అడిగారు.

"వీరుడా, సింహం ఏమైంది?"

"కూలింది దొరా."

"కూలిందా, చచ్చిందా?" రాసిన మాట అందించినట్టే అందించారు.

"ప్రాణం పోయింది దొరా."

మేష్టారు పళ్లు నూరారు. "చంపింది ఎవరో చెప్పు!"

"ఈ ఈటె దొరా. దాన్ని పట్టుకున్నది నేను."

"సాక్షి ఎవరు?"

ఇది నాటకంలో లేదు, తవిటమ్మ ఏరి పెట్టిన మాటల్లోనూ లేదు. గంగులు తల పైకెత్తాడు. 

"పైన వెలిగేవాడు, కింద పారే ఏరు, నడుమన గాలి. ఈ మూడూ నా తోడు దొరా!"

మైదానం చప్పట్లతో దద్దరిల్లింది. చచ్చి పడి ఉన్న అప్పలసూరి కూడా తల ఎత్తి చూశాడు. గూడెం మనుషులు ఇలాగే పొడుపుకథల్లా మాట్లాడతారు కాబోలు అని జనం అనుకున్నారు. మేష్టారికి కోపం ఎటు పోయిందో తెలియదు. ఎదురుగా ఉన్నవాడు వల లాగే గంగులు అన్న సంగతి ఆయన మరిచిపోయారు. నిజమైన దొరలాగే అడిగారు.

"శత్రువులు వందమంది. నువ్వు ఒక్కడివి. చస్తావురా!"

"పోతే ఒక్కణ్నే పోతాను దొరా. ఈ తల మాత్రం కిందికి దిగదు!"

నాటకానికి రెండో బహుమతి, గంగులుకి ఉత్తమ నటుడి కప్పు వచ్చాయి. గణపతిరావుగారు స్టేజీ మీదికి పిలిచి, భుజం తట్టి, మైకు ముందు నిలబెట్టారు.

"ఎంత చక్కటి ఉచ్చారణ! ఎంత నిండైన మాట! బాబూ, నువ్వు ఏం చేస్తుంటావు?"

గంగులు తెలివైనవాడు. "వేట బాబూ" అన్నాడు.

"అబ్బో, నిజంగానే వేటగాడివా! దేన్ని వేటాడతావు?"

జవాబు మొదట్లోనే చ ఉంది. మైదానం నిండా జనం. కప్పు చేతిలో ఉంది. మేష్టారు వెనకే ఉన్నారు, కళ్లతో బతిమాలుతున్నారు. ఇక్కడ ఒక్క అక్షరం దొర్లితే ఆ చక్కటి ఉచ్చారణ ఏమవుతుందో గంగులుకి తెలుసు. నీళ్లలో తిరిగేవి అనొచ్చు, వలలో పడేవి అనొచ్చు. మాటలు నాలుక చివరికి వచ్చాయి కూడా. అప్పుడు గుంజ పక్కన తండ్రి కనిపించాడు. ఉప్పునీటికి ఎర్రబడిన కళ్లు, భుజం మీద తువ్వాలు, కొడుకు ఏం చెబుతాడా అని తెరుచుకున్న నోరు. సింహాన్ని ఇంకో పేరుతో పిలిచినా సింహానికి పోయేదేం లేదు. తన బతుకుని ఇంకో పేరుతో పిలిస్తే ఆ గుంజ పక్కన నిలబడిన మనిషి ఏమైపోవాలి? గంగులుకి సిగ్గేసింది. అంతలోనే ఆ సిగ్గు పోయి ఒళ్లంతా ధైర్యం నిండింది. ఇంత ధైర్యం సింహం ముందు కూడా రాలేదు.

"సేపలు బాబూ!" అన్నాడు, నావ మీద అరిచినంత గట్టిగా. "మాది బావనపాడు. మా అయ్య నావకి పెద్ద. మేం సేపలు పడతాం!"

మైదానంలో ఎవరో కిసుక్కుమన్నారు. మేష్టారు కళ్లు మూసుకున్నారు. గణపతిరావుగారు కళ్లజోడు తీసి, ఆ కుర్రాణ్ని కళ్లారా చూశారు. ఆయన ముఖంలో ఏదో సడలింది, గట్టిగా కట్టిన తలపాగా విప్పుకున్నవాడిలా. మైకు ముందే ఉందన్న సంగతి కూడా మరిచిపోయారు.

"సేపలా!" అన్నారు. "ఏటి సేపలురా నాయనా? సెప్పు, సెప్పు!"