మా బావ కూర్చోని కుర్చీ లేదు

మా బావకు ఉన్న ఒకే ఒక్క జబ్బు కూర్చోవడం. పని ఎగ్గొట్టి కూర్చోవడం కాదు, పనిలో భాగంగా కూర్చోవడం. ఆయన వైఫై ఇంజనీరు. ఏ భవనానికి వెళ్ళినా మనుషులు కూర్చునే ప్రతి చోటా తానూ ఓసారి కూర్చుంటే తప్ప పని పూర్తయిందని సంతకం పెట్టడు. మా ఇంటికి మొదటిసారి వచ్చిన రోజే ఏడు కుర్చీల్లోనూ, మంచం మీదా, చివరికి వంటింటి గట్టు మీదా కూర్చున్నాడు.

"అబ్బాయికి నిలకడ తక్కువలా ఉందే" అన్నాడు నాన్న.

"ఇన్నిసార్లు కూర్చున్నవాడికి నిలకడ లేదంటారేమిటి?" అంది అమ్మ. అలా మా అక్కకు పెళ్ళయింది.

నాకు ఉద్యోగం కూడా ఆయన కంపెనీలోనే వచ్చింది. ఆయన కూర్చుంటాడు, నేను రిపోర్టు రాస్తాను. మిగతా ఇంజనీర్లు ల్యాప్‌టాప్‌లో భవనం నక్షా వేసుకుని, అది పచ్చగా కనిపిస్తే సిగ్నలు ఉన్నట్టే అనుకుని ఇంటికి పోతారు.

"పచ్చగానే ఉంది కదా బావా, వెళ్దాం పద" అంటాను.

"పచ్చగా ఉన్నది బొమ్మ రా. మనిషేడీ అందులో?" అంటాడు.

ఓసారి పళ్ళ డాక్టరు కుర్చీలో కూర్చున్నాడు. లోపలికి వెళ్ళినప్పుడు ముప్ఫైరెండు, బయటికి వచ్చినప్పుడు ముప్ఫైఒకటి. "సిగ్నలు బ్రహ్మాండంగా ఉంది" అన్నాడు దవడ పట్టుకుని.

నవ్వుకుంటాం గానీ, ఆ కూర్చోవడంలో ఏదో మహత్తు ఉంది. ఒక ఆఫీసులో రోజూ ఒంటిగంటకు నెట్ ఆగిపోయేది. ముగ్గురు నిపుణులు చేతులెత్తేశారు. మా బావ మూలనున్న కుర్చీలో కూర్చుని, గాలిలో తరంగాలను చూపించే పరికరం ఒళ్ళో పెట్టుకున్నాడు. సరిగ్గా ఒంటిగంటకు తెర మీద గీతలు పొంగిన పాలలా లేచాయి. ఆయన లేచి వెనక గోడ మీద వేలు పెట్టి, "దీని అవతల భోజనాలు వేడిచేసుకుంటున్నారు" అన్నాడు. వెళ్ళి చూస్తే అక్కడ పాత మైక్రోవేవ్ ఓవెన్, దాని ముందు క్యారేజీలతో వరుస. నేను నోరు వెళ్ళబెట్టాను.

ఇక నాలుగంతస్తుల ఆస్పత్రి సంగతి చెప్పాలి. అక్కడ కూర్చోబోయిన చోటల్లా నర్సులు ఆయనకు బీపీ చూశారు. చక్రాల కుర్చీలో కూర్చుంటే ఎవరో తీసుకుపోయి ఎక్స్‌రే గదిలో దించారు. ఆయన మాత్రం మెరిసే కళ్ళతో వచ్చాడు.

"ఆ గదికి నేలా గోడలూ అన్నీ సీసం రేకులు రా. చీమంత సిగ్నలు కూడా దాటదు. దాని కిందేముంది?"

"లాండ్రీ. మన ప్లానులో లేదు."

"అక్కడెవరూ కూర్చోరా?"

కిందికి దిగాం. ఏడు స్టీలు యంత్రాలు, తడి దుప్పట్ల గుట్టలు, మూలన ఒక స్టూలు. బావ కూర్చున్నాడు. సిగ్నలు సున్నా. అంతలో ఫోను చేత్తో పట్టుకుని, చెమటలు కక్కుతూ ఒకావిడ మెట్లు దిగివచ్చింది. అది ఆవిడ స్టూలట.

"ఇక్కడ ఫోను పనిచేస్తుందా అమ్మా?" అని అడిగాడు బావ. ఆవిడ చెవి చూపించి తల అడ్డంగా ఊపింది.

ఇస్త్రీ చేస్తున్నతను చెప్పాడు. "ఆమెకు వినపడదండి. వేరే ఊళ్ళో ఉన్న కూతురికీ అంతే. వీడియోలో చేతుల్తో మాట్లాడుకుంటారు. రోజూ భోజనం మానుకుని గేటు బయట ఎండలో నిలబడి మాట్లాడొస్తుంది."

ఆవిడ అతని పెదవుల కదలిక చూసి, దుప్పట్ల లెక్క చీటీ వెనక రాసి ఇచ్చింది: "అక్కడ కూడా బొమ్మ ఆగిపోతుంది. చెయ్యి మధ్యలో ఆగితే మాట మారిపోతుంది. నిన్న పాప ఉద్యోగం వచ్చిందంది. పోయిందనుకుని రోజంతా ఏడ్చాను."

బావ తిన్నగా ఆస్పత్రి మేనేజరు గదికి వెళ్ళాడు.

"బట్టలకు వైఫై ఎందుకండీ?" అన్నాడు మేనేజరు. "మూడింటికి మీ సంతకం కావాలి. లేదంటే వేరే కంపెనీని పిలుస్తాను."

"పిలవండి. వాళ్ళు నిలబడే సంతకం పెట్టేస్తారు."

నేను చొక్కా పట్టి లాగాను. ఉద్యోగం పోతే ఇద్దరికీ పోతుంది. బావ వినలేదు.

"మీ హాల్లో మూడు వైఫై పెట్టెలని ప్లానులో రాశాం. అన్ని కుర్చీల్లోనూ కూర్చుని చూశాను, రెండు చాలు. మూడోది కిందికిపోతుంది. అదనంగా ఏమీ కొనక్కర్లేదు. హాల్లో తగ్గితే తప్పు నాదని రాసుకోండి."

మేనేజరు గడియారం చూశాడు. "మూడింటికి" అన్నాడు మళ్ళీ.

బావ పెట్టెను పొడవాటి కర్రకు కట్టి, ఏడు యంత్రాలూ ఒకేసారి తిప్పించి, తడి దుప్పట్లన్నీ ఆరవేయించాడు. "ఖాళీ గదిలో సిగ్నలు ఎవడైనా రప్పిస్తాడు రా. పని జరుగుతుండగా రావాలి." కర్రను చోటు మార్చి మార్చి పట్టుకుంటే ఆరోచోట కుదిరింది. పైపులు దిగే సందులోంచి కేబులు లాగి, దారప్పోగుల్లాంటి ఎనిమిది తీగలను కళ్ళద్దాలు లేకుండా వరుస తప్పకుండా ప్లగ్గులో దూర్చాడు. దండలో పూలు కూర్చినంత తేలిగ్గా.

నిచ్చెన మీదినుంచి, "నా నోట్‌బుక్కులో ఈ గది కొలత చూసి చెప్పు" అన్నాడు. నాలుగేళ్ళుగా ఆయన చంకలో ఉన్న ఆ పుస్తకం నేను తెరవడం అదే మొదలు. అందులో అన్నీ అంకెలే అనుకున్నాను. ఒక్కో కుర్చీకి ఒక్కో అంకె ఉంది, దాని పక్కన ఇలా ఉంది: "రెండో అంతస్తు చివరి బెంచీ. తాతగారు. ఎడమ చెవే వినిపిస్తుంది, గోడవైపు తిరిగి మాట్లాడతారు." "గేటు కాపలాదారు. కొడుకు పన్నెండింటికి ఫోన్ చేస్తాడు."

"ఇవన్నీ నీకెవరు చెప్పారు బావా?"

"పక్కన కూర్చుంటే వాళ్ళే చెబుతారు రా. నిలబడి అడిగితే, బాగానే ఉందండీ అంటారు."

మూడు కావడానికి పది నిమిషాలుండగా పెట్టెలో దీపం వెలిగింది. ఆవిడ ఫోనును దుప్పట్ల గుట్టకు ఆనించి కూతురికి కాల్ చేసింది. తెర మీద అమ్మాయి ముఖం తేటగా వచ్చింది. నాలుగు చేతులు లేచాయి. అంతసేపూ ఒక్క మాట కూడా వినపడకుండా అన్ని కబుర్లు నేనెన్నడూ చూడలేదు. ఇస్త్రీ అతను ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి నిలబడిపోయాడు.

కాసేపటికి అమ్మాయి ఏదో అంది. ఆవిడ పకపకా నవ్వి, చీటీ మీద రాసి బావ చేతిలో పెట్టింది.

"నువ్వింత వేగంగా మాట్లాడతావని నాకు తెలీదమ్మా, నన్నూ కాస్త మాట్లాడనివ్వు అంటోంది."

చదివి తలెత్తేసరికి ఆవిడ చేతులు మళ్ళీ మొదలైపోయాయి.