నల్లమ్మ కూత కోసం శాలిబండ దాకా

హైదరాబాదు శాలిబండలో ఒక ఇత్తడి దుకాణంలో ఓడ విజిల్ అమ్మకానికి ఉందని, అది బొంబాయిలో ముక్కలు చేసిన కాకినాడ ఓడదని దుకాణదారు అంటున్నాడని, మా నల్లమ్మదేనేమోనని, ఆ వీధిలోనే ఉండే మా పిన్ని కూతురు ఫోన్ చేసింది. అంతే, ఎనభై దాటిన మా అన్నయ్య చెప్పులు వెతుక్కున్నాడు. రాత్రి ఎనిమిదింటికి కాకినాడ పోర్టు స్టేషన్లో రైలెక్కాం. దొరికినవి రెండూ సైడ్ బెర్తులే. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు ముందుగానే టికెట్ తీసుకోవడం మంచిది.

నల్లమ్మ అంటే ఆవిరితో నడిచే సరుకుల ఓడ. కాగితాల మీద ఏదో దొరల పేరుండేది గానీ, రేవులో అందరికీ నల్లమ్మే. మా నాన్న దాని బాయిలర్‌కి బొగ్గు వేసేవాడు. రంగూన్ నుంచి బియ్యమూ టేకూ మోసేది. యుద్ధం రాగానే దానికి బూడిదరంగు పూసి, ఫిరంగి గుండ్లూ కంచరగాడిదలూ ఎక్కించారు. చుట్టూ ఓడలు మునుగుతున్నా ఇది మొండిగా తిరిగొచ్చింది. మళ్లీ నల్లరంగు పూసుకుని మళ్లీ బియ్యం మోసింది. ముసలిదయ్యాక బొంబాయిలో ముక్కలు చేశారు. మా దగ్గర దాని ఫొటో అయినా లేదు.

ఈ చరిత్రంతా అన్నయ్య ఎదుటి బెర్తులోని ఏలూరాయనకు రాజమండ్రి దాటేదాకా వినిపించాడు.

"మరి ఇది అదేనని ఎలా తెలుస్తుందండీ?" అన్నాడాయన.

"కూస్తే తెలుస్తుంది. లావు గొంతు, సన్న గొంతు, రెండూ ఒకేసారి. మా రేవులో ఇంకే ఓడా అలా కూసేది కాదు."

పొద్దున్నే సికింద్రాబాద్‌లో దిగి, చార్మినార్ బస్సెక్కి, పత్తర్‌గట్టిలో చాయ్, బిస్కెట్లతో కడుపు నింపుకున్నాం. పాతబస్తీలో దుకాణాలు పదకొండైతే గానీ తెరవరు. తొందరపడి వెళితే మాలాగే మూసిన షట్టర్లు చూస్తూ నిలబడాలి. తర్వాత షేర్ ఆటోలో శాలిబండ.

దుకాణం ఖాదర్ భాయ్‌ది. విజిల్‌ని పెళ్లికూతురిలా ముస్తాబు చేసి బల్ల మీద నిలబెట్టాడు.

"రాండ్రి బాపూ, కూసోండ్రి. మూడు రోజులు రుద్దిన, ఎట్ల మెరుస్తున్నదో చూడుండ్రి. జల్ది చెప్పుండ్రి, పగటీలి ఒంటిగంటకు హోటలోళ్లు వస్తరు. బొక్కలు కొట్టి లోపట బల్బు పెడ్తరంట."

నేను విజిల్ మీద చెయ్యేశాను.

"ముందు మోగించు. మాదైతే పట్టుకెళతాం, కాకపోతే వద్దు," అన్నాడు అన్నయ్య.

"గిది ఆవిరితోటి మోగేది బాపూ!" అంటూనే ఖాదర్ భాయ్ ఎదుటి పంక్చర్ షాపు వైపు కేకేశాడు. "యాదగిరన్నా, జర నీ హవా పైపు తే!"

పైపును రబ్బరు చుట్టి బిగించారు. గాలి వదిలితే సుస్సుమంది, అంతే. మూగిన జనం నవ్వారు. అన్నయ్య మొహం వాడిపోయింది. "నల్లమ్మ కాదమ్మడూ, పద," అన్నాడు నాతో.

రాత్రంతా కాళ్లు ముడుచుకుని వచ్చింది ఈ సుస్సు కోసమా? నాకు ఒళ్లు మండింది. వంగి చూస్తే, గాలి బయటికొచ్చే సన్నటి సందు నిండా తెల్లగా ఏదో గడ్డకట్టి ఉంది.

"ఖాదర్ భాయ్, ఇదేమిటి?"

"యా అల్లా! పాలిష్ పౌడరమ్మా! నేనే నింపిన!"

తళతళలాడకపోతే ఇక్కడ ఇత్తడి సామాను ఎవరూ ముట్టుకోరట. ఆ తాపత్రయంలో పాపం దాని గొంతే మూసేశాడు. తనే సన్న తీగతో సందంతా గీకి శుభ్రం చేశాడు. ఈసారి గాలి వదిలే మీట అన్నయ్య చేతికిచ్చాడు.

లావు గొంతూ సన్న గొంతూ ఒక్కసారే లేచాయి. షట్టర్లు దడదడలాడాయి. బండ్లన్నీ ఆగిపోయాయి. గాలి అయిపోయేదాకా అన్నయ్య మీట వదల్లేదు.

"ఇదేనే! నాన్న ఓడే!" అని చిన్నపిల్లాడిలా గెంతాడు. నేను ఏడ్చేశాను.

"మస్తుందన్నా! మల్లొక్కపారి, హవా నింపుత!" అన్నాడు యాదగిరి.

ఖాదర్ భాయ్ హోటల్‌వాళ్లకు ఫోన్ చేశాడు. "లేదు భాయ్, దాని జహాజోళ్లే వచ్చి తీస్కపోతున్నరు." జహాజంటే ఓడ, అంటే మేమే.

సాయంత్రం బండికే తిరుగు ప్రయాణం. కింది బెర్తులో విజిల్ పడుకుంది, దాని పక్కన అన్నయ్య కూర్చున్నాడు, పై బెర్తు ఎక్కలేక ఎక్కింది నేను. అదేమిటని అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ అన్నయ్య చెబుతూనే ఉన్నాడు. తెల్లారి సామర్లకోట వచ్చేసరికి బోగీలో సగంమందికి నల్లమ్మ తెలుసు. నాన్న వయసంతా ఆ ఓడ పొయ్యిలోకి బొగ్గు విసిరాడు. అందులో ఒక్క పార కూడా వృథా పోలేదని ఆ పొద్దున నాకు గట్టిగా అనిపించింది.