తక్కువ మందు పోసిన ఇరవై తూటాలు

కరోనా ఆంక్షలు సడలిన తర్వాతి చలికాలంలో నేను బహ్రెయిన్‌లోని ఒక ప్రైవేటు షూటింగ్ రేంజిలో ప్రధాన ఆర్మరర్‌గా చేరాను. అంతకు ముందు ఇరవై ఎనిమిదేళ్లు సైన్యంలో అదే పని చేసి, సుబేదారు హోదాలో పదవీ విరమణ పొందాను. ఆర్మరర్ తుపాకులను కాల్చడానికి తగిన స్థితిలో ఉంచుతాడు. తగని స్థితిలో ఉన్నవాటిని కాల్చనివ్వడు. ఈ రెండో బాధ్యతను మరిచేవారే ఎక్కువ.

నా కింద రత్నం అనే టెక్నీషియన్ ఉండేవాడు. అమలాపురం దగ్గరివాడు, నలభై అయిదేళ్లవాడు, పనితనం తెలిసినవాడు. శుక్రవారం తెలుగు సహవాస ప్రార్థన తప్పేవాడు కాదు. ప్రభుత్వ అనుమతి ఉన్న లోడింగ్ గదిలో తూటాలను చేత్తో కట్టే పని మా ఇద్దరిదీ. కాల్చేసిన ఇత్తడి తొడుగును శుభ్రం చేయాలి, అడుగున మందును అంటించే కొత్త ప్రైమరు బిగించాలి, తూచిన తుపాకి మందు పోయాలి, పైన గుండును కూర్చోబెట్టాలి. ప్రతి విడతకూ రిజిస్టరులో ఒక వరుస ఉంటుంది. మందు రకం, దాని బరువు, గుండు రకం, కట్టినవారి సంతకం, తనిఖీ చేసినవారి సంతకం అందులో ఉండాలి. తనిఖీ సంతకం నాది.

బుదైయా నుంచి అబూ ఖాలిద్ అనే పెద్దమనిషి మా వద్దకు వచ్చేవారు. ఓడల ఇంజనీరుగా చేసి విరమించారు. ఆ ఏడాది ఆయన కుడి భుజానికి ఆపరేషన్ అయింది. హంగరీలో ఒక మిత్రుడు లైసెన్సుపై జింకల వేటకు పిలిచాడు. మన దేశంలో జింకను కాల్చడం నేరం. అక్కడ మంద ఎంత తగ్గాలో అటవీ అధికారులు నిర్ణయించి ఆ మేరకే అనుమతి ఇస్తారు. రైఫిల్ భుజాన్ని గట్టిగా తన్నకూడదు, జింక మాత్రం ఒక్క దెబ్బకే పడాలి అన్నది ఆయన కోరిక.

“గాయంతో పొదల్లోకి పోయిన జింకను ఒకసారి చూశాను, ఉస్తాద్. రోజంతా వెతికినా దొరకలేదు. మళ్లీ అలా జరిగేటట్టుంటే ఇప్పుడే చెప్పు, వెళ్లడం మానేస్తాను” అన్నారు.

ఆ మాటతో ఆయన మీద నాకు గౌరవం కలిగింది. పది రోజులు గడువు అడిగాను. చేత్తో కట్టిన తూటాలను ప్రయాణికుల విమానంలో ఎక్కించనివ్వరు. అందువల్ల ఆయన ఇక్కడ సాధన చేయాలి. మేము సంతకం చేసి ఇచ్చిన పత్రం చూసి అక్కడి తుపాకుల మిస్త్రీ అవే తూటాలు కట్టాలి.

రైఫిల్ తన్ను తగ్గించడం సులభమని చాలామంది అనుకుంటారు. మందు తగ్గిస్తే సరిపోతుందని వారి ఊహ. అది పొరపాటు. రైఫిల్ తూటాలో వాడే మందు నెమ్మదిగా కాలే రకం. తొడుగు నిండుగా ఉన్నప్పుడే అది సమంగా అంటుకుంటుంది. సగం ఖాళీగా ఉంటే ప్రైమరు మంట మందు మీదుగా పోతుంది. అప్పుడు మందు ఆలస్యంగా అంటుకోవచ్చు, అరకొరగా కాలవచ్చు, ఒక్కోసారి ఒత్తిడి హఠాత్తుగా పెరిగిపోవచ్చు. అందుకే మందు తయారుచేసినవారు తమ పట్టికలో గరిష్ఠంతోపాటు కనిష్ఠాన్నీ ముద్రిస్తారు. తక్కువ లోడ్లకు తగినదని ఆ పట్టికలోనే చూపిన వేరే రకం మందు తెప్పించాలి. తేలికైన గుండును, అందులోనూ తక్కువ వేగానికే మొన విచ్చుకునేదాన్ని ఎంచుకోవాలి. గుండు విచ్చుకోకపోతే జింక చావదు, గాయంతో పరుగెడుతుంది. ఆ మందు కోసం నేను దరఖాస్తు పెట్టాను.

మా మేనేజరు హోటళ్ల నిర్వహణలో పనిచేసి వచ్చినవాడు, మన దేశస్థుడే. శనివారానికి తూటాలు సిద్ధంగా ఉంటాయని నన్ను అడగకుండానే అబూ ఖాలిద్‌కు మాట ఇచ్చాడు. మందు రాలేదని, అది లేకుండా కట్టకూడదని రత్నం ఎదుటే నేను చెప్పగా, “సుబేదార్ సాబ్, ఇది మీ రెజిమెంటు కాదు. ఇక్కడ కస్టమరును కాచుకోమనం” అన్నాడు. రెజిమెంటులో అయితే ఆయన్ను లోడింగ్ గది గడప తొక్కనిచ్చేవారు కారని జవాబిచ్చి, నా వారపు సెలవు అయిన గురు, శుక్రవారాలకు అరాద్‌లోని గదికి వెళ్లిపోయాను.

శనివారం ఉదయం వ్యాను దిగేసరికి కాల్పులు మొదలయ్యాయి. మొదటి తూటా చప్పుడు విన్నాను. బలహీనంగా, పొడి దగ్గులా ఉంది. రెండో దానికి ఆ మాత్రం చప్పుడూ రాలేదు, టప్పుమని ఆగిపోయింది. నేను పరుగెత్తాను. యాభై దాటినవాణ్ని, పరుగు నా వయసుకు తగదు, అయినా పరుగెత్తాను. అబూ ఖాలిద్ ఖాళీ తొడుగును బయటికి లాగి, మూడో తూటాను లోపలికి తోసి, ట్రిగ్గరు మీదికి వేలు తెస్తున్నారు. మేనేజరు పక్కనే నిలబడి, తన్ను లేదుగా సార్ అంటూ నవ్వుతున్నాడు.

నేను అబూ ఖాలిద్ చేతిని పట్టుకుని పక్కకు జరిపాను. “వేలు తీయండి. తుపాకీ ముందుకే చూడాలి.”

మూడో తూటా తీసి, నాళాన్ని వెనుక మూసే బోల్టును బయటికి లాగి, నాళంలోకి వెనుక నుంచి శుభ్రం చేసే కడ్డీ పంపాను. జానెడు దూరం పోయి ఆగిపోయింది. రెండో తూటా గుండు నాళంలోనే ఇరుక్కుని ఉంది. దాని వెనుక మూడోది పేలి ఉంటే ఆ నాళం ఆయన ముఖానికి మూరెడు దూరంలో చీలిపోయేది. కడ్డీని అబూ ఖాలిద్ చేతికే ఇచ్చాను. ఓడ ఇంజన్ల మధ్య బతికిన మనిషి, వివరించనక్కర్లేకపోయింది. రైఫిల్‌ను బల్ల మీద పెట్టి దూరంగా జరిగారు.

రిజిస్టరు తెరిచాను. గురువారం ఇరవై తూటాలు. మామూలు మందే, పట్టికలోని కనిష్ఠం కన్నా చాలా తక్కువ బరువు. కట్టినవారి గడిలో రత్నం సంతకం. తనిఖీ గడిలో నా పేరు, మేనేజరు చేతిరాతలో.

నా ఉద్యోగ జీవితంలో నా పేరును మరొకరు రాయడం అదే మొదటిసారి. కోపం అన్న మాట దానికి చాలదు.

రత్నాన్ని పిలిచాను. రిజిస్టరు వాడి ముందు పెట్టాను. “నేనడిగానండి. సుబేదార్ గారు వద్దన్నారండీ అని కూడా చెప్పానండి. తగ్గించడమే కదా, పెంచట్లేదు కదా అని మేనేజరు గారు అన్నారండి. నా రెసిడెన్సీ కాగితాలు ఆయన బల్ల మీదే ఉన్నాయండి, ఈ నెలలోనే రెన్యువలండి.”

అప్పటికి మేనేజరు ప్రమాద నివేదిక రాయడం మొదలుపెట్టాడు. టెక్నీషియన్ పొరపాటు అని ఒక్క ముక్కలో ముగించాడు. ఎవరికీ ఏమీ కాలేదు, ఖలాస్, రత్నాన్ని ఇంటికి పంపేస్తే సరిపోతుంది అన్నాడు. ఆజ్ఞ ఇచ్చిన నోటితోనే ఆ మాట ఎలా వచ్చిందో నాకు నేటికీ అర్థం కాదు.

నేను వేరే నివేదిక రాశాను. ఎవరు ఆదేశించారు, ఏ మాటలతో ఆదేశించారు, నా పేరు ఎవరి చేతిరాతలో ఉంది అన్నవి వరుసగా రాశాను. రత్నం తప్పునూ వదల్లేదు. కనిష్ఠం తెలిసి కూడా సంతకం చేశాడు. నా పేరు తీసెయ్యండి సార్, పంపేస్తారు అని వాడు బతిమాలాడు. తీసెయ్యనన్నాను. నీ పేరు తీస్తే మిగిలినదంతా అబద్ధమని కొట్టేస్తారు, ఉంటేనే ఆయన పేరు నిలుస్తుంది అని చెప్పాను. నా తప్పూ రాశాను. వద్దన్న మాటను నోటితో చెప్పాను గాని రిజిస్టరులో రాయలేదు. సెలవులో మందు బీరువా తాళంచెవిని లోడింగ్ గదిలోనే వదిలాను.

అబూ ఖాలిద్ నివేదిక చదివి, సాక్షిగా కింద సంతకం చేశారు. రేంజి యజమానికి స్వయంగా అందజేశారు. రత్నాన్ని పంపిస్తే ప్రభుత్వ అధికారుల ముందు కూడా ఇదే సాక్ష్యం చెబుతానని అన్నారట. రత్నానికి హెచ్చరిక లేఖ ఇచ్చి, రెసిడెన్సీ పొడిగించారు. మేనేజరును ఆయుధాల విభాగం నుంచి తప్పించారు. ఇక రిసెప్షను పనులు చూసుకునేవాడు. నా దృష్టిలో అది శిక్ష కాదు, బదిలీ. దానిపై నా అభ్యంతరం లిఖితపూర్వకంగా ఇచ్చాను, జవాబు రాలేదు.

సరైన మందు మూడు వారాలకు వచ్చింది. వేర్వేరు దూరాల నుంచి తడిపిన కాగితపు కట్టల్లోకి కాల్చి, గుండు ఎంత దూరం వరకు విచ్చుకుంటున్నదో చూశాను. నూట ఇరవై మీటర్లు దాటితే కాల్చవద్దని పత్రంలో రాసి సంతకం చేశాను. అబూ ఖాలిద్ వెళ్లి వచ్చారు. రెండు జింకలు దూరంగా ఉన్నాయని వదిలేశారు, ఒకటి దగ్గరగా వస్తే కాల్చారు. అది నిలబడిన చోటే పడిందని చెప్పారు.

ఈ ఉదంతం నాకు నేర్పినది ఇది. తగ్గించడం కూడా మార్పే; పెంచడానికి ఎంత లెక్క కావాలో దానికీ అంతే కావాలి. సంతకం చేసినవాడు ఆజ్ఞ వెనుక దాక్కోలేడు, ఆజ్ఞ ఇచ్చినవాణ్ని సంతకం వెనుక దాక్కోనివ్వకూడదు. ఆ తర్వాత నేనున్నన్నాళ్లూ రిజిస్టరులో ‘ఎవరి ఆదేశం’ అన్న కొత్త గడి ఉండేది. అది నిండనిదే మందు బీరువా తెరవలేదు.