పలుగురాళ్ల కుప్ప

తొంభైల చివర్లో, పరిశోధనలో చేరిన రెండో ఏడాది, తుని అవతల ఎర్రమట్టి మెరకల్లో రాతి పనిముట్లు వెతికేదాన్ని. రాజమండ్రి నుంచి పొద్దున్నే పాసింజరెక్కి వెళ్లేదాన్ని. అక్కడ ఒక జీడిమామిడి తోటలో గాలికి పైమట్టి కొట్టుకుపోయి అడుగునేల బయటపడింది. వేల ఏళ్ల నాటి మనుషులు చెక్కిన పలుగురాతి ముక్కలు అలాంటి చోటే తేలతాయని మా మాస్టారు చెప్పారు. నాలుగు నెలలు తల వంచుకుని తిరిగాను. ఒక్కటీ దొరకలేదు. టాపిక్కు మార్చుకోమంటారేమోనని భయం పట్టుకుంది.

తోట ఒక పెద్దావిడది. భర్త పోయాక తనే చూసుకుంటోంది. నాకు మంచినీళ్లిచ్చేది గానీ మాట కలిపేది కాదు. ఒకరోజు ఎండకు తాళలేక నేను చెట్టు కింద కూలబడితే, వచ్చి ఎదురుగా కూర్చుంది.

"ఒక్క మాట నిజం చెప్పమ్మా. నువ్వెతికేది దొరికితే గవర్నమెంటోళ్లొచ్చి నా భూమి తీసేసుకుంటారంట కదా?"

ఇన్నాళ్లూ ఆవిడను తినేస్తున్న దిగులేమిటో అప్పుడు తెలిసింది. నా అంతట నేను మాటివ్వడానికి ధైర్యం చాలక, మాస్టారిని అడిగి చెబుతానన్నాను. మరుసటి వారం ఆయనే నాతో వచ్చారు. నేలమీద కనబడే రాళ్లను చూసి రాసుకుంటామని, కొన్ని పట్టుకెళ్తామని, ఇలాంటి వాటికోసం ఎవరి భూమీ పోవడం తను చూడలేదని నిదానంగా చెప్పారు.

 ఆవిడ లేచి మమ్మల్ని తోట చివర కంచె దగ్గరికి తీసుకెళ్లింది. ముళ్లకంప పక్కన మోకాలెత్తు రాళ్లకుప్ప ఉంది.

"జీడిపిక్కలేరే ఆడోళ్ల కాళ్లు కోసుకుపోతన్నాయని ఏటా ఏరించి ఇక్కడ పోయిస్తానండి. ఇయ్యేనా మీరెతికేవి?"

మాస్టారు ఒకటి తీసి, అంచు మీద బొటనవేలు ఆనించి చూసి, నా చేతిలో పెట్టారు. గోరంత ముక్క. ఒకవైపు వరసగా చెక్కిన గుర్తులు. నేను అక్కడే కూర్చుని కుప్పలోంచి ఒక్కొక్కటే తీసి చూడసాగాను.

కుప్పలోవి ఏ చోటివో తెలియదు కాబట్టి వాటితో పని జరగదన్నారు మాస్టారు. రాళ్లు ఏరని చోటు ఉందా అని అడిగితే, కంచె అవతల చెట్లు లేని నేల చెక్క ఒకటి ఆవిడ చూపించింది. రెండు గంటల్లో అక్కడ నాలుగు దొరికాయి, నేలకు అంటుకుని, ఎప్పుడో పడినవి పడినట్టే.

భోజనం చేయకుండా ఆవిడ మమ్మల్ని కదలనివ్వలేదు. వడ్డిస్తూ భూమి సంగతి మరోసారి అడిగింది. మాస్టారు మరోసారి చెప్పారు. అప్పుడు గానీ తను కంచం ముందు కూర్చోలేదు. నాకూ ఎన్నో రోజుల తర్వాత ఆకలేసింది. మారు వడ్డించమని నేనే అడిగాను.