పడవలోంచి దించే బటన్

పక్షవాతం వచ్చేవరకు మా ఇంట్లో నాన్న గొంతే పెద్దది. ఆయన మా దీవుల మధ్య తిరిగే ఫెర్రీ మీద సరంగుగా, అంటే పడవ నడిపే పెద్దగా, పనిచేశారు. చాతం నుంచి బాంబూఫ్లాట్‌కి, బాంబూఫ్లాట్ నుంచి చాతంకి, రోజుకి ఎన్ని ట్రిప్పులో ఆయనకే లెక్క ఉండేది కాదు. ఇంజన్ హోరు మీద అరిచి అరిచి అలవాటైపోయి, అన్నంలోకి ఉప్పు అడిగినా పక్కింటివాళ్ళు ఉలిక్కిపడేవారు. రిటైరైన మరుసటి వానాకాలంలో, ఒక్క ఉదయంలో, కుడి చెయ్యి, కుడి కాలు, మాట మూడూ పోయాయి. కాలు కొంత తిరిగొచ్చింది. చెయ్యి రాలేదు. మాట వచ్చిందిగానీ మెలికలు పడి వచ్చింది. ఏదో చెప్పబోతే నాలుక ఒక పక్కకి జారిపోయేది, పెదవి వేలాడేది, ఇంకేదో శబ్దం బయటికొచ్చేది.

“రోజూ మాట్లాడించండి. నోటికి పని లేకపోతే ఉన్న నాలుగు మాటలు కూడా పోతాయి” అని మాట నేర్పే ఆవిడ గట్టిగా చెప్పింది. వినడానికి ఎంత తేలికో! నాన్న ఇంట్లో నోరు విప్పేవారు కాదు. దానికి సగం కారణం నేనే. నాకు ముక్కు మీద కోపం, ఓపిక బొత్తిగా లేదు. ఆయన ఒక మాట కోసం తంటాలు పడుతుంటే నేను మధ్యలో దూరి “టీయా? మందా? ఫ్యానా?” అని అందించేదాన్ని. ఆయన కళ్ళు మూసుకుని తల అటు తిప్పుకునేవారు. “ఒలే, ఆయన్ని సెప్పనియ్యే! నీకేటంత తొందర?” అని అమ్మ నన్ను తిట్టేది. తిట్టించుకునేదాన్ని, మర్నాడు మళ్ళీ అదే పని.

నేను హోటళ్ళకి వెబ్‌సైట్లు చేసి బతుకుతాను. బాంబూఫ్లాట్‌లో ఉండే నా స్నేహితురాలు కూడా అదే పని చేస్తుంది. వాళ్ళ నాన్న తెలుగు మాస్టారు, ఆంధ్రా నుంచి ఉద్యోగానికి వచ్చి ఇక్కడే ఉండిపోయారు. సముద్రం కింద కేబుల్ వేసి మా దీవులకి మంచి ఇంటర్నెట్ వచ్చాక, మేమిద్దరం కలిసి ఒక ఆన్‌లైన్ గేమ్ తయారుచెయ్యడం మొదలుపెట్టాం. ఆటలో ఒక్కొక్కరికీ ఒక డోంగీ. మా చేపలవాళ్ళు ఇంజన్ బిగించి నడుపుకునే చిన్న పడవ అన్నమాట. పోటు చూసుకుని, గాలి చూసుకుని, దీవి నుంచి దీవికి పోవాలి, సరుకు దించాలి, వల వెయ్యాలి. ఒకరినొకరు నిజం గొంతులతో పిలుచుకోవచ్చు. తుపాకులు లేవు, గెలుపోటములు లేవు. ఇదేం ఆటే అని మా వదిన నవ్వింది.

ఒకరోజు ఊరికే, చూద్దామని, టాబ్లెట్‌లో ఆట తెరిచి నాన్న మంచం మీద పెట్టాను. ఎడమచేత్తో పడవ తిప్పుతూ ఆయన రెండు గంటలు కదల్లేదు. మాతో మాట్లాడలేదుగానీ జెట్టీ దగ్గర పోటు తప్పుగా వస్తోందని వేలితో గీసి చూపించారు. నిజమే, తప్పే! ఆ ఆదివారం ఆయన పాత జట్టు ముగ్గురికీ ఫోన్లలో ఆట ఎక్కించాం. ఇంజన్ చూసే డ్రైవరుది బాంబూఫ్లాట్. తాళ్ళు, లంగరు చూసే ఇద్దరు కళాసీల్లో ఒకరు మాయాబందర్‌లో, ఇంకొకరు హట్‌బేలో ఉంటున్నారు. రోజూ సాయంత్రం నాలుగింటికి నలుగురూ సముద్రం మీద కలుసుకోవాలని ఒప్పందం.

పడవల మీద పనిచేసినవాళ్ళకి వైర్‌లెస్ మర్యాద ఒకటుంటుంది. ఒకడు మాట్లాడుతుంటే వాడు పూర్తిచేసేదాకా రెండోవాడు నోరెత్తడు, ఎంతసేపైనా సరే. ఆ ముగ్గురూ నాన్నతో అలాగే ఉండేవారు. ఆయన “గా... గా...” అంటూ నిమిషంసేపు కొట్టుకున్నా అవతల చప్పుడుండేది కాదు. చివరికి “గాలి మారింది” అని పూర్తయ్యాక, “హా సరంగ్ సాబ్, ఇన్నాం. ఎటు తిప్పమంటారు?” అనేవాడు డ్రైవరు. మూడు నెలలకి నాన్న మాటలు అతకడం మొదలైంది. ఒకరోజు వాళ్ళలో ఎవరినో “ఒరే గాడిదా, లంగరు తియ్యకండా ఎటెళ్తావురా!” అని పూర్తిగా, ఒక్క ఊపులో తిట్టేశారు. వంటింట్లో అమ్మ గరిటె వదిలేసి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. నాకు మాత్రం ఏడుపు రాలేదు. గర్వం వచ్చింది. నా ఆటే కదా నయం చేసింది అనుకున్నాను.

ఇక్కడ మా జెట్టీల సంగతి కొంచెం చెప్పాలి. చోటు తక్కువ కాబట్టి డోంగీలను ఒకదాని పక్కన ఒకటి, నాలుగైదు కట్టేస్తారు. చివరి పడవలోకి వెళ్ళాలంటే మిగతా అన్నిట్లోంచీ నడిచే వెళ్ళాలి. ఎవరూ అడగరు, ఎవరూ కాదనరు. మధ్య పడవలో అన్నం తింటున్నవాళ్ళుంటే “ఆవో భయ్యా, ఖానా ఖావో” అని భోజనానికి పిలుస్తూ పక్కకి జరుగుతారు. ఆటలోనూ అలాగే పెట్టాం. ఎవరైనా ఎవరి పడవలోకైనా అడుగుపెట్టొచ్చు. ఎక్కితే ఆ పడవలో ఉన్నవాళ్ళ మాటలు వినొచ్చు, వాళ్ళతో మాట్లాడొచ్చు. దిగడం ఎక్కినవాళ్ళ ఇష్టం.

నా స్నేహితురాలి దగ్గర ఒక కాగితం ఉండేది, చెయ్యాల్సినవన్నీ రాసుకుని ఒక్కొక్కటే కొట్టేసేది. దాంట్లో చాలాకాలంగా కొట్టెయ్యకుండా ఉన్నది, ఎక్కినవాళ్ళని పడవలోంచి దించే బటన్. ప్రతి ఆదివారం ఫెర్రీ దిగి బ్రూక్షాబాద్‌లో మా ఇంటికొచ్చి ఆ సంగతే ఎత్తేది. ప్రతి ఆదివారం నేను విసుక్కునేదాన్ని.

“పడవ ఎక్కిన మనిషిని ఎవరైనా దించేస్తారటే? మనం ఎక్కడ పుట్టాం?” అన్నాను.

“ఇప్పటిదాకా ఆడినవాళ్ళంతా మనవాళ్ళు. రేపు మెయిన్‌లాండ్ అంతా వస్తుంది.”

“రానీ. ఎక్కనీ. చూసి నేర్చుకుంటారు.”

ఆమె నవ్వలేదు. కాగితం మడిచి బ్యాగులో పెట్టుకుంది.

సరిగ్గా అప్పుడే ఆటలు అమ్మే ఒక ఆన్‌లైన్ స్టోర్ నుంచి మెయిల్ వచ్చింది. మా ఆట నచ్చిందట, సోమవారానికల్లా విడుదల చేస్తే వారం రోజులు మొదటి పేజీలో పెడతారట. పూర్తికాకపోయినా ఫరవాలేదు, ‘ఇంకా తయారవుతోంది’ అని పైన రాస్తారట. ఇలా పూర్తికాని ఆటల్ని అమ్మడం ఇప్పుడు లోకమంతా ఉన్న పద్ధతే. వాళ్ళు దాచిందేమీ లేదు. “పది రోజులు అడుగుదాం. బటన్ అయిపోతుంది. కొత్తగా చేరేవాళ్ళని వరసలో నిలబెట్టేది కూడా కాలేదు, సర్వర్ నిండిపోతే పాతవాళ్ళకే చోటుండదు” అంది స్నేహితురాలు. నేను మండిపడ్డాను. మన దీవుల నుంచి ఒక ఆట మొదటి పేజీకి ఎక్కడం మళ్ళీ జన్మలో జరుగుతుందా అన్నాను. నీకు భయం, నీకెప్పుడూ భయమే అని కూడా అన్నాను. ఆమె మాట చెవిన పెట్టలేదు. సోమవారం పొద్దున్న విడుదల బటన్ నేనే నొక్కాను.

తరవాత చాలాసార్లు ఆలోచించాను. ‘ఇంకా తయారవుతోంది’ అన్న హెచ్చరిక కొత్తగా వచ్చేవాళ్ళకి. అప్పటికే ఆ సముద్రంలో రోజూ తిరుగుతున్న నలుగురు ముసలివాళ్ళకి ఎవరు హెచ్చరిక చేశారు? “నాన్నా, రేపటినుంచి ఎవరెవరో వస్తారు” అని ఒక్క ముక్క చెప్పలేదు. కళ్ళు నెత్తికెక్కాయి, అంతే.

మధ్యాహ్నానికి జనం ముంచుకొచ్చారు. ఆటలో ఎంతమంది ఉన్నారో చూపించే అంకె ఒకటి నా తెర మీద ఉండేది. అది చూస్తుండగానే పెరుగుతోంది. నేను నా గదిలో, స్నేహితురాలు ఫోన్లో స్పీకర్ మీద, ఇద్దరం పొద్దున్నుంచీ తిండి కూడా తినలేదు. అమ్మ బజారుకెళ్ళింది. నాలుగు కాగానే పక్క గదిలో నాన్న, మధ్యాహ్నం నుంచే ఆట తెరిచి ఉన్న టాబ్లెట్ ముందు రోజూలాగే కూర్చుని, “ఓయ్... బాంబూఫ్లాట్... ఉన్నావా?” అని పిలిచారు. డ్రైవరు పలకలేదు. సర్వర్ నిండిపోయి ఆ ముగ్గురిలో ఒక్కరూ లోపలికి రాలేకపోయారని మాకు తరవాత తెలిసింది.

డ్రైవరు బదులు నలుగురైదుగురు కుర్రాళ్ళు ఆయన పడవెక్కారు. నాన్నకి ఇయర్‌ఫోన్లు గిట్టవు, స్పీకర్‌లోనే వినేవారు, కాబట్టి నాకు ప్రతి మాటా వినబడుతోంది. “ఎ... ఎవులు బాబూ మీరు? రండి... కూకోండి” అన్నారు నాన్న. ఆయన కంఠంలో సంతోషం. కొత్తవాళ్ళు ఎక్కితే పిలిచి కూర్చోబెట్టడమే ఆయనకి తెలిసింది.

అవతల ఒక్కసారిగా నవ్వులు. తెలుగు పిల్లలే, అదే నా ప్రాణానికి ఇంకా ఘోరం.

“ఒరేయ్, తాత ఫుల్లుగా కొట్టేశాడ్రా!”

“తాతా, ఇంకోసారి చెప్పవా? సరిగా వినబడలా.”

వాళ్ళకి నిజంగానే వినబడలేదనుకున్నారు నాన్న. ఇంకా నెమ్మదిగా, ఇంకా జాగ్రత్తగా, ఒక్కో అక్షరం కూడబలుక్కుని మళ్ళీ చెప్పారు. “రండి... బాబూ... కూ... కోండి.” ఒకడు అచ్చం అలాగే, నాలుక జార్చి, ఎంగిలి మింగుతూ అనుకరించాడు. మిగతావాళ్ళు పడీపడీ నవ్వారు. మా నాన్న జన్మలో చుక్క ముట్టిన మనిషి కాదు.

“ఏమే, నీకు వినబడుతోందా?” అంది స్నేహితురాలు ఫోన్లో. “సర్వర్ ఆపెయ్. ఇప్పుడే.”

“ఆపితే అందరూ పోతారు. మొదటి పేజీ పోతుంది. ఐదు నిమిషాలు చూద్దాం, వాళ్ళే దిగిపోతారు.”

“సరే, వెళ్ళి ఆ టాబ్లెటైనా ఆపవే!”

పది అడుగులు. మధ్యలో తలుపు కూడా లేదు, కర్టెన్ మాత్రమే. నేను లేవలేదు. వెళితే, నేను విన్నానని తెలిసి ఆయన సిగ్గుపడతారని నాకు నేను చెప్పుకున్నాను. అది సగం నిజం. మిగతా సగం ఆ అంకె. అది పెరుగుతోంటే నా కళ్ళు దాని మీంచి రాలేదు.

“దిగండి బాబూ... మావోలు... వస్తారు” అంటున్నారు నాన్న. కుర్రాళ్ళు దాన్నీ పాటలా పాడారు. ఒకడు పోతే ఇద్దరు ఎక్కారు, పడవలో తమాషా ఉందని కబురు పాకినట్టుంది. “దిగండి... దిగండి” అని ఆయన అంటూనే ఉన్నారు, ఒక్కోసారికి మాట ఇంకాస్త చెదిరిపోతోంది. ఆఖరికి మాట కాదు, ఒట్టి శబ్దం మిగిలింది. తరవాత అదీ ఆగిపోయింది.

అప్పుడు లేచాను. అప్పటికి ఇరవై నిమిషాలయింది. నాన్న టాబ్లెట్‌ని బోర్లా తిప్పి, దాని మీద దిండు పెట్టి, ఎడమచేత్తో దిండుని అదిమిపట్టి కూర్చున్నారు. దిండు కింద నుంచి నవ్వులు ఇంకా వస్తున్నాయి. నేను దిండు లాగి టాబ్లెట్ ఆపేశాను. ఆయన గోడ వైపు తిరిగి పడుకున్నారు. అమ్మ బజారు నుంచి వచ్చి “ఏటైంది? ఎందుకలా తొంగున్నారు?” అంటే నేను లేచి నా గదిలోకి వెళ్ళిపోయాను.

ఆ రాత్రే సర్వర్ ఆపేశాం. మొదటి పేజీ పోయింది, స్నేహితురాలు ఒక్క మాట కూడా దెప్పలేదు. ఇద్దరం కూర్చుని ఆ బటన్ రాశాం. నాలుగు రోజుల్లో అయిపోయింది. పది కూడా కాదు, నాలుగు. ఆ నాలుగు రోజులూ నాన్న ఎవరితోనూ మాట్లాడలేదు. డ్రైవరు ఫోన్ చేసి “సరంగ్ సాబ్‌కి ఓపాలి ఫోన్ ఇయ్యమ్మా” అంటే ఫోన్ ఆయన చెవి దగ్గర పెట్టాను. చేత్తో తోసేశారు.

ఐదో రోజు టాబ్లెట్ తీసుకుని ఆయన పక్కన కూర్చున్నాను. “నాన్నా, ఇక ఎవరెక్కినా మీరు దించేయొచ్చు. ఇదిగో, ఇక్కడ ఒక్కసారి నొక్కితే చాలు. ఇంకెప్పుడూ అలా జరగదు” అన్నాను. చెబుతుంటే నాకే నా గొంతు సామాన్లు అమ్మేవాళ్ళ గొంతులా వినిపించింది.

ఆయన తెర వైపు చూడలేదు. నా మొహంలోకి చూశారు. నాలుగు రోజుల తరవాత నోరు విప్పారు.

“ఆ రోజు... నువ్వు... పక్క గదిలో ఉన్నావా?”

“ఉన్నాను.”

“ఇన్నావా?”

లేదని చెప్పడానికే నోరు తెరిచాను. ఆ మాట రాలేదు. “విన్నాను నాన్నా” అన్నాను.

ఆయన తల ఊపారు. కోపం లేదు. కోప్పడినా, నాలుగు తిట్టినా బాగుండునని అప్పుడూ అనిపించింది, ఇప్పుడూ అనిపిస్తుంది. టాబ్లెట్ తీసి నా ఒళ్ళో పెట్టేశారు.

ఇది జరిగి ఏడాది దాటింది. ఆటని మళ్ళీ విడుదల చేశాం, బాగానే ఆడుతున్నారు, బటన్ మంచి ఆలోచన అని మెచ్చుకుంటూ రాస్తున్నారు. నాన్న అమ్మతో ఒకటీ అరా మాట్లాడతారు. నాతో మాత్రం, ఏం కావాలన్నా, ఎడమచేత్తో చూపిస్తారు.