హారతి అందుకున్న దొరసాని

పరాయి దేశంలో, బోటాటౌంగ్ రేవులో బియ్యం బస్తాలు మోసే దండాసికి దేవుడు భుజాలతోపాటు గొంతు కూడా ఇచ్చాడు. ఏ భాష సినిమా అయినా సరే, టీవీ పక్కన పీట వేసుక్కూచుని తెలుగులో కథ చెప్పేవాడు. ఆ భాషలు అతనికేం రావు. రాకపోతేనేం, ఏడుపుకి ఏడుపు, కొట్లాటకి కొట్లాట, కంటికి కనబడినదానికి తగ్గట్టు అల్లేసేవాడు.

ఆ ఏడు నూకాలమ్మ పండక్కి మాత్రం అతని మనసు మనసులో లేదు. అప్పలనరసమ్మ కూతురు భాగ్యవతిని తనకిమ్మని అడిగించాడు. పండగ వెళ్ళనీ చెప్తానంది ఆవిడ. ఆవిడ నోరంటే రేవు మేస్త్రీలకే దడ. "కతలల్లుకునీవోడికి పిల్లనెలాగిత్తాం" అని ఎవరితోనో అందని అతని చెవిన పడనే పడింది.

పండగనాడు అమ్మవారి సినిమా వేయాలన్నారు. బయటి సినిమాలు సర్కారు రానివ్వని రోజులవి. లమ్మడా పేటలో చాటుగా వీడియోలు అద్దెకిచ్చే కో టున్ దగ్గరికి దండాసే వెళ్ళాడు. క్యాసెట్టు మీద రాత ఎవరికీ తెలీని థాయి రాత. బొమ్మలో జుట్టు విరబోసుకున్న ఆడమనిషి పులి మీద చెయ్యేసి నిలబడింది. అంతకంటే ఏం కావాలి? దుర్గమ్మే అనుకుని కళ్ళకద్దుకుని తెచ్చాడు.

టీవీకి బొట్టు పెట్టి బంతిపూల దండ వేశారు. అప్పలనరసమ్మ కొబ్బరికాయ కొట్టి హారతిచ్చింది. బొమ్మ కదిలింది. ఓడ, అడవి, ఒక తెల్లదొర. కాసేపటికి దొరసాని వచ్చి, ఒంటిమీదున్న ఆ కాస్త గుడ్డా గట్టున పడేసి సెలయేట్లో దిగింది. దొర ఆమె వెనకే దిగాడు.

దండాసి టీవీకి అడ్డం నిలబడి మీట మీదికి చెయ్యి చాపాడు.

"ముట్టకు," అంది అప్పలనరసమ్మ. "హారతిచ్చీసినాం. నైవేద్యం అయినదాకా ఆపకూడదు. కూకోని కత సెప్పు."

"దోషం, దోషం," అన్నారు ముసలమ్మలు. మగాళ్ళు మరీ గట్టిగా అన్నారు.

దండాసి పీట తిప్పి, టీవీకి వీపు పెట్టి కూచున్నాడు. "ఈ తల్లికి ఒళ్ళు కాలిపోయే జొరం. వైద్యుడు సన్నీళ్ళలో ములగమన్నాడు."

"ఆ ఎనకాల దిగినోడేనా వైద్యుడు?" అంది పక్కింటి మంగాయమ్మ.

"ఆయనే. నాడి సూత్తన్నాడు."

"నాడి అక్కడుంటాదేటిరా?"

జనం పొట్టలు పట్టుకున్నారు. దండాసి తల తిప్పలేదు. తెర మీద పులి గాండ్రిస్తుంటే ఇతను కథలో పెళ్ళి చేయించాడు. దొర ఓడెక్కి పోతుంటే పెళ్ళిబంతిలో వంకాయకూర వడ్డించాడు. భాగ్యవతి కొంగు నోట్లో కుక్కుకుని నవ్వుతోంది. ఆ పిల్ల ఇక తనకి దక్కదనుకున్నాడు.

బొమ్మ అయిపోయాక, పులిహోర పంచుతూ అప్పలనరసమ్మ అతని ముందు ఆగింది.

"ఒక్కపాలైనా ఎనక్కి తిరగలేదేటి?"

"ఇంతమంది ఆడోళ్ళు కూకున్నారు గదత్తా. నాను కూడా సూత్తే మీకు సిగ్గు కాదా?"

ఆవిడ అతని ఆకులో ముద్ద పెట్టింది. కాస్త ఆగి ఇంకో ముద్ద పెట్టింది.

"నువ్వాడిన అబద్దాల్లో ఒక్కటీ అతకనేదురా."

"అవునత్తా."

"పెళ్ళాం కాడ ఇలాగే ఆడు. ఎంటనే దొరికిపోతావు. మా పిల్లకి అలాటోడే నయం. రేపు మీ పెద్దోళ్ళని రమ్మను."

దండాసి ఆకు కింద పెట్టి లేవబోయాడు.

"తిను," అంది ఆవిడ. "ఇంకా మందికి పెట్టాల."